టెనర్ గొంతు వెతుక్కుంటూ వియన్నా, మోర్బిష్, బాడ్ ఇష్ల్: నాన్నతో ఆరు రోజులు

మాది తెనాలి, నాన్న కుర్రతనంలో పద్య నాటకాల్లో వేషాలు వేసిన మనిషి, పీసపాటి, షణ్ముఖి, ఈలపాట రఘురామయ్య అంటే ఇప్పటికీ ప్రాణం పెడతారు. 2019 వేసవిలో మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఒక రోజు నేను వంట చేసుకుంటూ రిచర్డ్ టౌబర్ అనే ఒకప్పటి టెనర్ (పై స్థాయిలో పాడే మగ గొంతు) పాత రికార్డు పెట్టుకున్నా, హాల్లో పేపర్ చూస్తున్న ఆయన లేచి వంటగది గుమ్మం దాకా వచ్చి, "ఎవరమ్మా ఇతను, అంత గొంతూ తీసినవాడు చివర్లో సన్నగా దారంలా చేసి వదిలాడు, మళ్ళీ పెట్టు" అన్నారు. నాలుగుసార్లు పెట్టించుకున్నారు. ఆ రాత్రే టికెట్లు బుక్ చేశా.

ఆ పాట ఫ్రాంజ్ లెహార్ అనే స్వరకర్త కట్టిన "డైన్ ఇస్ట్ మైన్ గాంట్సెస్ హెర్ట్స్", అంటే నా మనసంతా నీదే అని. "దాస్ లాండ్ డెస్ లెషెల్న్స్" (చిరునవ్వుల దేశం) అనే ఆపరెట్టాలో రెండో అంకంలో వస్తుంది, చైనా యువరాజు సూ చాంగ్ వియన్నా అమ్మాయి లీజాకి పాడతాడు. ఆపరెట్టా అంటే తెలియనివాళ్ళకి: పాటలు, మధ్యలో మాటలు, డాన్సులు, ఓ ప్రేమ కథ, పాట రాగానే జనం కుదురుగా కూర్చోవడం, మన నాటకంలో పద్యం వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అలాగే. అందుకే నాన్నకి ఒక్క ముక్క జర్మన్ రాకపోయినా ఏదీ కొత్తగా అనిపించలేదు.

వియన్నా సంగతి ముందు చెప్పేస్తా. మ్యూనిక్ నుంచి ట్రైన్‌లో నాలుగు గంటలు. ఆపరెట్టా కోసమే వెళ్లేవాళ్ళు జూలై, ఆగస్టుల్లో వెళ్లకండి, ఎందుకంటే ఫోక్స్‌ఓపర్‌కి అప్పుడు సెలవులు. 1898లో కట్టిన థియేటర్ అది, U6 మెట్రోలో దాని పేరుతోనే స్టేషన్ ఉంది, దిగితే ఎదురుగానే. ముందు చలికాలం నేను ఒక్కదాన్నే డిసెంబర్ చివర్లో వెళ్లి నిలబడి చూసే టికెట్ తీసుకుని ఫ్లెడర్‌మౌస్ అనే ఆపరెట్టా చూశా, కొన్ని యూరోలే అయ్యాయి, కాళ్ళు లాగాయి కానీ గొంతు సూటిగా చెవిలో పడుతుంది, ఈ ఊళ్ళో నేను పెట్టిన డబ్బులన్నిటిలో బాగా గిట్టుబాటైంది అదే. నాన్నతో వెళ్లినప్పుడు అది మూసి ఉంది కాబట్టి నాష్‌మార్క్ట్ పక్కనున్న థియేటర్ అన్ డెర్ వీన్‌ని బయటి నుంచి చూపించా. 1905 డిసెంబర్ 30న లెహార్ "మెర్రీ విడో" మొదటిసారి ఆడింది అక్కడే. మన పాట ట్యూన్ కూడా మొదట జనం చెవిన పడింది అక్కడే, 1923లో "గెల్బె యాకె" అనే ఆపరెట్టాలో, అది పెద్దగా ఆడలేదు. ఆరేళ్ళ తర్వాత దాన్నే తిరగరాసి, టౌబర్ గొంతు కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టు ఈ పాటని మళ్ళీ కుట్టి, 1929 అక్టోబర్ 10న బెర్లిన్ మెట్రోపోల్ థియేటర్‌లో పాడిస్తే అప్పుడు ఊళ్ళు ఊళ్ళు పాడుకున్నాయి. ట్యూన్ అదే, గొంతు దొరికాక పాటైంది. ఇది చెప్పగానే నాన్న ఫుట్‌పాత్ మీద ఆగిపోయి ఆ గోడ వంక చాలాసేపు చూశారు.

వియన్నాలో రెండు రాత్రులు ఉన్నాం. పెద్ద రైల్వే స్టేషన్ దగ్గర చవగ్గా దొరికిన హోటల్ తీసుకున్నా, పేరు చెప్పను, జూలైలో ఏసీ లేని గది మూడో అంతస్తులో, కిటికీ తీస్తే ట్రామ్ చప్పుడు, మూస్తే ఉక్క, 71 ఏళ్ల మనిషిని అలా ఉంచడం నాకే బాధేసింది. వేసవిలో వెళ్తే ఏసీ ఉందా లేదా అని రాతపూర్వకంగా అడిగి బుక్ చేయండి. ఇంకోటి, పాత ఊరి సెంటర్‌లో తెల్ల విగ్గులు పెట్టుకుని కాన్సర్ట్ టికెట్లు అమ్మే కుర్రాళ్ళుంటారు, ఒక సాయంత్రం వాళ్ళ దగ్గర కొన్నాం, కాగితం మీద చూపించిన సీటు ఒకటి, లోపల కూర్చోబెట్టింది స్తంభం వెనకాల. పాడిన కుర్రాడు మాత్రం మంచి గొంతున్నవాడు. చివర్లో మన పాటే ఎత్తుకున్నాడు, కానీ ఒక్క చుట్టు పాడి ఆపేశాడు. "పిల్లాడు బానే పాడాడమ్మా, పాటకి ఊపిరి పోసే టైమ్ ఇవ్వలేదు వాడికి" అన్నారు నాన్న. నా మాట కూడా అదే, అలాంటి కాన్సర్ట్‌లో పది పాటలు రుచి చూపిస్తారు, ఒక్కటీ కడుపు నిండదు.

అక్కణ్ణుంచి మోర్బిష్‌లో జరిగే ఆపరెట్టా ఫెస్టివల్ కోసం రుస్ట్ వెళ్లాం, నాయ్‌జీడ్లర్ సరస్సు ఒడ్డున బుజ్జి ఊరు, చిమ్నీల మీద కొంగలు గూళ్ళు కట్టుకుని ఉంటాయి, పొద్దున్నే ముక్కులు టకటకలాడిస్తుంటే నాన్నకి అదే అలారం. ఒక ఇంట్లో పైగది అద్దెకి తీసుకున్నాం, శుభ్రంగా, చల్లగా ఉంది, ఇంటావిడ తనే అడగకుండా దోమల స్ప్రే చేతిలో పెట్టి "మోర్బిష్‌కేగా, ఇది లేకుండా వెళ్లకండి" అంది. ఆ మాట బంగారం. సరస్సు లోతు రెండు మీటర్లు కూడా ఉండదు, చుట్టూ రెల్లు, ఇక దోమల సంగతి చెప్పేదేముంది.

మోర్బిష్ ఫెస్టివల్ 1957 నుంచి జరుగుతోంది, నీళ్ళ మీద స్టేజి, ఎదురుగా ఆరు వేల మంది పట్టే గ్యాలరీ. ఆ ఏడాది ఆడింది సరిగ్గా "లాండ్ డెస్ లెషెల్న్స్", నేను వెతికి పెట్టుకోలేదు, కలిసొచ్చింది. రాత్రి ఎనిమిదిన్నరకి మొదలు, అప్పటికి వెలుతురు ఇంకా ఉంటుంది, మొదటి అంకం వియన్నాలో నడుస్తుంటే వెనక సరస్సు మీద ఎండ దిగుతుంది, రెండో అంకానికి చైనా వచ్చేసరికి చీకటి పడి సెట్టింగ్ లైట్లన్నీ నీళ్ళలో వణుకుతుంటాయి. దిండు ఒకటి, శాలువా ఒకటి తీసుకెళ్లండి, ఎంత ఎండాకాలమైనా పదింటికి నీటి గాలికి చలేస్తుంది. సీటు విషయంలో నా సలహా, మరీ ముందు వరసలకి డబ్బు పోయకండి, మధ్య వరసల్లోంచి స్టేజి అంతా కనపడుతుంది, గొంతు ఎలాగూ స్పీకర్లలోంచే వస్తుంది. అంత పెద్ద ఓపెన్ ఎయిర్‌లో మైకు లేకుండా కుదరదు, అది వాళ్ళ తప్పు కాదు. కానీ ఫోక్స్‌ఓపర్‌లో గొంతు మనిషి దగ్గర్నుంచి వస్తున్నట్టు తెలుస్తుంది చూడండి, ఆ దగ్గరితనం ఇక్కడ ఉండదు, కళ్ళకి పండగ, చెవులకి ముప్పావు పండగ.

అయినా ఆ పాట వచ్చినప్పుడు జరిగింది చెప్పాలి. మామూలు పాటల్లా మెల్లగా మొదలై పైకి వెళ్లడం కాదు, పల్లవి మొదటి మాటే పైన ఎత్తుకోవాలి, వెనక్కి తగ్గే చోటే లేదు, టెనర్ ఆ మొదటి అక్షరం మీద నిలబడ్డాడా లేదా అనేది ఆ క్షణంలోనే తేలిపోతుంది. మా ముందు వరసలో ముసలాళ్ళ పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేకుండా అందరూ పాడుతున్నారు. ఆఖర్న గొంతు పైకి వెళ్లి నిలిచి చప్పట్లు మొదలవగానే మా నాన్న లేచి నిలబడి తెనాలిలో అరిచినట్టే "వన్స్ మోర్" అని గట్టిగా అరిచారు. పక్కన కూర్చున్న ముసలావిడ ఉలిక్కిపడుతుందనుకున్నా, ఆవిడ నాన్న చెయ్యి పట్టుకుంది. టౌబర్ రోజుల్లో ఈ పాటని నాలుగైదుసార్లు పాడించుకునేవాళ్ళట, ప్రతిసారీ ఒకలా కాకుండా మార్చి మార్చి పాడేవాడట, వాళ్ళమ్మ చెప్పిందని నాతో చెప్పింది, అది పుస్తకాల్లో ఉన్న మాటే. నాన్నకి తెలుగులో చెప్పా. "మరి మనవాళ్ళూ అంతేగా, పద్యం రెండోసారి అడిగితే రాగం మార్చేవాళ్ళు" అన్నారు. అక్కడ మాత్రం రెండోసారి పాడలేదు, షో ముందుకెళ్లిపోయింది. కథ చివర్లో లీజా వెళ్లిపోతుంది, యువరాజు ఏడవకూడదు కాబట్టి నవ్వుతూ నిలబడతాడు, ఆ తర్వాత ఇక్కడి ఆనవాయితీ ప్రకారం బాణాసంచా కాల్చారు. నాన్నకి బాణాసంచా నచ్చలేదు, వాడక్కడ అలా నిలబడి ఉంటే ఈ టపాసులేంటి అన్నారు, నాకూ అలాగే అనిపించింది. తిరిగి రుస్ట్‌కి వెళ్లడానికి ముందే డబ్బు కట్టిన ప్రైవేటు వ్యాన్ గంట ఆలస్యంగా వచ్చింది, ఫోన్ ఎత్తలేదు, పెద్దవాళ్ళతో వెళ్లేవాళ్ళు కారు తీసుకోండి, లేదా మోర్బిష్ ఊళ్ళోనే గది చూసుకోండి.

మూడో మజిలీ బాడ్ ఇష్ల్. వియన్నా నుంచి ట్రైన్‌లో ఆట్నాంగ్ పుక్‌హైమ్‌లో మారాలి, అక్కణ్ణుంచి చిన్న లైను, గ్ముండెన్ దాటాక ట్రౌన్ సరస్సు పక్కనే వెళ్తుంది, ఎడమ చేతి వైపు కూర్చోండి. ఇక్కడ మాత్రం నేను తెలివిగా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నా, రోజుల తరబడి బ్రెడ్డూ జున్నూ తిని మొహం మొత్తిన మనిషికి అన్నం, చారు, ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. పెద్దవాళ్ళని తీసుకెళ్తే హోటల్ కన్నా ఇదే నయం, డబ్బు కూడా తక్కువే.

ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి వేసవి ఊరు ఇది, ఆయన వెనకే వియన్నా పాటగాళ్ళూ, రచయితలూ వచ్చి చేరారు. లెహార్ 1912లో ట్రౌన్ నది ఒడ్డున ఇల్లు కొనుక్కున్నాడు, చనిపోయేటప్పుడు మ్యూజియం చేయమని ఊరికి రాసిచ్చేశాడు. మేం వెళ్లినప్పుడు లోపలికి గైడ్‌తో కలిసి గుంపుగానే వెళ్లాల్సి వచ్చింది, మా గుంపుకి చెప్పిందంతా జర్మన్‌లోనే, నేను నాన్న చెవిలో తెలుగు చేస్తూ పోయా. పటాలు, కుర్చీలు, గడియారాలు, ఖాళీ జాగా లేకుండా నింపుకున్న ఇల్లు, కిటికీ దగ్గర నిలబడితే కింద నది హోరు. నాన్న అన్నీ చూసి, "ట్యూన్ ఈయనది, గొంతు అతనిది. మరి పాట రాసిందెవరు?" అని అడిగారు. పద్యం విన్నవాళ్ళు కవి పేరు అడక్కుండా ఉండరు కదా.

చెప్పక తప్పలేదు. మాటలు రాసింది ఇద్దరు, లుడ్విగ్ హెర్జెర్, ఫ్రిట్జ్ లోనర్ బెడా. లోనర్ బెడా యూదుడు. 1938లో నాజీలు ఆస్ట్రియాని కలిపేసుకోగానే పట్టుకెళ్లి డాహావ్, తర్వాత బుఖెన్‌వాల్డ్, చివరికి ఆష్విట్జ్ క్యాంపులో పెట్టారు, 1942 డిసెంబర్‌లో అక్కడే చంపేశారు. లెహార్ పాటలంటే హిట్లర్‌కి ఇష్టం, ఆ పాటలు థియేటర్లలో మోగుతూనే ఉన్నాయి, రాసినవాణ్ణి ఎవరూ కాపాడలేదు. లెహార్ భార్య సోఫీ కూడా యూదుల ఇంట్లో పుట్టిన మనిషే, ఆవిణ్ణి మాత్రం వదిలేశారు. టౌబర్ తండ్రి వైపు యూదు రక్తం, అందుకని టౌబర్ దేశం వదిలి లండన్‌లో తలదాచుకున్నాడు. 1947 సెప్టెంబర్‌లో వియన్నా బృందం లండన్ కోవెంట్ గార్డెన్‌కి వస్తే, అప్పటికే ఊపిరితిత్తి కాన్సర్‌తో ఉన్న మనిషి వాళ్ళతో కలిసి ఒక్క రాత్రి మొజార్ట్ ఆపరాలో డాన్ ఒట్టావియోగా పాడాడు. 1948 జనవరి 8న పోయాడు, అదే ఏడాది అక్టోబర్ 24న ఈ ఊళ్ళో లెహార్ పోయాడు. నాన్న ఇంకేం మాట్లాడలేదు. ఊరి శ్మశానంలో లెహార్ సమాధి దగ్గర చెప్పులు విప్పి నిలబడి, "ఆ రాసినాయనకి ఎక్కడుందమ్మా" అన్నారు. సమాధి లేదు నాన్నా అన్నా.

ఇక్కడి లెహార్ ఫెస్టివల్ జూలై, ఆగస్టుల్లోనే జరుగుతుంది, హాలు మోర్బిష్ ముందు చాలా చిన్నది, మేం వెళ్లిన రెండు రోజులకీ టికెట్లు అయిపోయాయి, మీరు నెలల ముందే కొనుక్కోండి. నన్ను ఒక్క చోటే ఎంచుకోమంటే ఇదే అంటాను, నడిచి తిరిగే ఊరు, ఆ పాట వెనకున్న మనుషులంతా ఇక్కడ తగుల్తారు. ఫార్‌గాసె వీధిలో 1832 నాటి జౌనర్ అనే స్వీట్ షాపుంది, జౌనర్ స్టాలెన్ అడగండి, పలచని వేఫర్ ముక్కలు, హేజల్‌నట్ నూగా కలిపి పైన చాక్లెట్ పోసింది, మన పాకుండలూ కాజాలూ తినే నాలుకకి తీపి సరిపోతుంది, నాన్న రెండు పెట్టెలు తెనాలికి మోసుకెళ్లారు. తిరుగు ప్రయాణానికి ట్రైన్ కన్నా సాల్జ్‌బర్గ్ వెళ్లే 150 నంబర్ బస్సు బాగుంటుంది, గంటన్నర పైన పడుతుంది కానీ సరస్సుల పక్కనే వెళ్తుంది, పెద్ద సూట్‌కేసులుంటే ముందుగా వెళ్లి నిలబడండి.

ఆఖరి సాయంత్రం భోజనాలయ్యాక నది ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం. నేను ఫోన్‌లో టౌబర్‌ది పెట్టా, తర్వాత ఫ్రిట్జ్ వుండర్‌లిష్‌ది, 1966లో 36 ఏళ్లు నిండకుండానే మెట్ల మీద పడి చనిపోయిన మనిషి, ఆ గొంతులో ఎండ ఉంటుంది. ఆ తర్వాత నికొలాయ్ గెడ్డాది, చివరికి 1990లో రోమ్‌లో ముగ్గురు టెనర్ల కాన్సర్ట్‌లో డొమింగో పాడింది. నలుగురూ ఒకే పాట. నాన్న కళ్ళు మూసుకుని విని, "అందరూ మొదటాయన చొక్కాయే తొడుక్కున్నారమ్మా, ఆ జర్మన్ కుర్రాడికి మాత్రం అతికినట్టుంది" అన్నారు. వుండర్‌లిష్ గురించి. తర్వాత నా చేతిలో ఫోన్ తీసుకుని ఆపేసి, మాటల్లేకుండా ఆ ట్యూన్‌ని హార్మోనియం శృతిలోకి దించుకుని తను ఎత్తుకున్నారు, చివర్లో టౌబర్ లాగే సన్నగా తీసి వదిలారు, ఊపిరి సరిపోక మధ్యలో ఒకచోట తెగింది, మళ్ళీ అందుకున్నారు. నేను రికార్డ్ చేశా. 52 సెకండ్లుంది, వెనకాల నది చప్పుడు కూడా పడింది.