ఇగ్నైట్: వెళ్లాలా, విజయనగరంలోనే చూడాలా?

సర్వర్లు, ల్యాప్‌టాప్‌లు మేనేజ్ చేసే మాబోటి వాళ్లకి మైక్రోసాఫ్ట్ ఇగ్నైట్ అనే టెక్నాలజీ సదస్సు పెద్ద పండగ. 2015లో షికాగోలో మొదలైంది, 2025లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది.

వెళ్లాలంటే ముందు వీసా ఇంటర్వ్యూకి హైదరాబాద్ రైలెక్కాలి. ఆ ఫీజే 185 డాలర్లు. ఆపైన విమానం, పాసు, హోటలు. కంపెనీ భరిస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. మీ సందేహాన్ని ఆ ప్రొడక్ట్ తయారుచేసిన ఇంజినీరుకే ల్యాప్‌టాప్ తెరిచి చూపించొచ్చు. ఏ వీడియోలోనూ అది దొరకదు.

ఆన్‌లైన్‌లో చూడటం ఉచితం. నవంబర్‌లో అక్కడ ఉదయం 9 అంటే మనకు రాత్రి 10:30. పిల్లలు పడుకున్నాక కోట దగ్గర మా ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటాను. ఇంట్యూన్ (ఆఫీసు ల్యాప్‌టాప్‌లని దూరం నుంచే మేనేజ్ చేసే మైక్రోసాఫ్ట్ టూల్) సెషన్ మధ్యలో ఆపి, కమాండ్ నోట్‌బుక్‌లో రాసుకుని, టెస్ట్ మెషిన్‌లో అప్పటికప్పుడే నడిపి చూస్తాను. హాల్లో ఈ వీలుండదు. సొంత డబ్బయితే నా ఓటు దీనికే.