పీజీలోడర్‌తో మూడేళ్లు: కావలసిన టేబుళ్లు మాత్రమే తెచ్చుకున్న అనుభవం

మాది ఒక గ్రంథాలయ సాఫ్ట్‌వేర్. పాత మైఎస్‌క్యూఎల్ 5.7 డేటాబేస్‌లో నలభైకి పైగా టేబుళ్లు ఉండేవి. వాటిలో సగం ఎప్పుడో ఎవరో తీసుకున్న బ్యాకప్ కాపీలే. 2023 అక్టోబరుతో 5.7కి సపోర్ట్ ఆగిపోతుందని తెలిసినప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌కి వెళ్దామనుకున్నాం. అయితే చెత్తంతా మోసుకెళ్లకుండా సభ్యులు, పుస్తకాలు, ప్రతులు, ఇచ్చి పుచ్చుకున్న లెక్కలు, ఇలా తొమ్మిది టేబుళ్లు మాత్రం ముందు తరలించాలని నిర్ణయించాం. దానికి వాడింది పీజీలోడర్, అంటే వేరే డేటాబేస్‌ల నుంచి డేటాను పోస్ట్‌గ్రెస్‌లోకి తెచ్చిపెట్టే టూల్. అప్పటి నుంచి మిగతా టేబుళ్లను కూడా ఒక్కొక్కటిగా దానితోనే తెచ్చుకుంటున్నాను.

నాకు బాగా నచ్చింది దాని కమాండ్ ఫైల్. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ టేబుళ్లు, ఏ కాలమ్ ఏ రకంగా మారాలి అన్నదంతా ఒకే ఫైల్లో రాసుకోవచ్చు. ఎన్నిసార్లు నడిపినా అదే పని చేస్తుంది. లోపల డేటాను గుంపుగా ఎక్కించే పోస్ట్‌గ్రెస్ కాపీ పద్ధతి వాడుతుంది కాబట్టి ఇన్సర్ట్‌లు ఒక్కొక్కటిగా నడిపే స్క్రిప్టుల కన్నా చాలా వేగం. పెద్ద టేబుల్ దగ్గర ఒకసారి మెమరీ చాలక మధ్యలో ఆగిపోయింది. ఒక్కో విడతలో చదివే రికార్డుల సంఖ్య మామూలుగా 1,00,000 ఉంటుంది. దాన్ని 10,000కి తగ్గిస్తే సాఫీగా నడిచింది.

టేబుళ్లు ఎంచుకునే చోట మాత్రం జాగ్రత్త. పేరును ప్యాటర్న్‌గా ఇస్తే ఆ మాట ఎక్కడున్నా పట్టుకుంటుంది. నేను ‘మెంబర్’ అని ఇస్తే పాత బ్యాకప్ కాపీలు కూడా వచ్చేశాయి. అప్పటి నుంచి తొమ్మిది పేర్లూ కోట్స్‌లో పూర్తిగా రాస్తున్నాను. ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌తో ముడిపెట్టే ఫారిన్ కీలను కూడా ఆపేసి, డేటా అంతా వచ్చాక చేత్తో రాసుకుంటాను. సగం టేబుళ్లు అవతల ఉండిపోయినప్పుడు ఏ కీ ఎటు చూస్తోందో నాకు తెలియాలి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ప్రతుల టేబుల్‌లో తగిలింది. అందులో స్టేటస్ కాలమ్ టైనీఇంట్(1), అంటే చిన్న అంకెలు దాచే రకం. 0 అంటే పాఠకుడి దగ్గరుంది, 1 అంటే అలమరలో ఉంది, 2 అంటే బైండింగుకు వెళ్లింది. పీజీలోడర్ ఆ రకాన్ని ట్రూ, ఫాల్స్ రెండే విలువలుండే బూలియన్‌గా మార్చేస్తుంది. సున్నా అయితే ఫాల్స్, ఇంకేదైనా ట్రూ. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, రికార్డుల లెక్క రెండు వైపులా సరిపోయింది. నాలుగు రోజుల తర్వాత లైబ్రేరియన్ మేడమ్ ఫోన్ చేశారు. స్క్రీన్ మీద అలమరలో ఉన్నట్టున్న పుస్తకం కోసం అరగంట వెతికారట. అది నెల క్రితమే బైండింగుకు వెళ్లింది! పాత సర్వర్‌ని ఇంకా తీసేయలేదు కాబట్టి ఆ కాలమ్‌ని మళ్లీ తెచ్చుకోగలిగాను. ఇప్పుడు ఆ కాలమ్‌కి ఫైల్లో విడిగా స్మాల్‌ఇంట్ (అంకెలను అంకెలుగానే ఉంచే రకం) అని రాశాను. లెక్క సరిపోయిందని ఊరుకోకుండా, ప్రతి స్టేటస్ విలువకీ ఎన్ని రికార్డులున్నాయో రెండు వైపులా తీసి పక్కపక్కన పెట్టి చూస్తాను.

తెలుగు పేర్ల సంగతి వేరే కథ. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 వచ్చేదాకా డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) లాటిన్1. మా పాత అప్లికేషన్ తెలుగు శీర్షికలను అందులోనే దాచింది. తెలుగులో అక్షరమైనా గుణింతపు గుర్తయినా యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొదటి బైటు అన్నిటికీ ఒకటే. లాటిన్1 ప్రతి బైటునూ విడి అక్షరంగా చూస్తుంది, అందుకే కొత్త డేటాబేస్‌లో శీర్షికలన్నీ నెత్తిన గీతతో ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ‘ఏ’, ఇలా కనిపించాయి. చూడగానే చెమటలు పట్టాయి. పీజీలోడర్‌లో ఎన్‌కోడింగ్ చెప్పే వీలుంది కానీ, నేను మైఎస్‌క్యూఎల్ కాపీలోనే సరిచేశాను. కాలమ్‌ని ముందు బ్లాబ్‌గా (ఉత్త బైట్లుగా) మార్చి, ఆ తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చితే బైట్లు చెక్కుచెదరకుండా అక్షరాలై నిలబడతాయి. అసలు సర్వర్ మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

అన్నీ సున్నాలే ఉన్న తేదీలను పీజీలోడర్ తనే నల్‌గా, అంటే ఖాళీగా మారుస్తుంది, మంచిదే. కానీ జీవిత సభ్యులను గుర్తుపట్టడానికి మా కోడ్ ఆ సున్నాలతోనే పోల్చేది, పోస్ట్‌గ్రెస్ అసలు అలాంటి తేదీని ఒప్పుకోదు. ఈమెయిల్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా కొత్తది. మా పాత సెట్టింగ్‌లో రెండూ ఒకటే. ఇక్కడ వేరు, దాంతో కొందరికి లాగిన్ కాలేదు. ఇవి పీజీలోడర్ తప్పులు కావు, కానీ పడే మాటలు మనకే పడతాయి.

ఒక లోటు చెప్పాలి. తరలింపు నడుస్తుండగా పాత వైపు కొత్తగా పడే రికార్డులు ఇటు రావు. అప్లికేషన్ ఆపుకోవాల్సిందే. మా గ్రంథాలయానికి వారంలో ఒక సెలవు ఉంది కాబట్టి సరిపోయింది. రాత్రీ పగలూ నడిచే చోట దీనితో మాత్రమే పని కాదు.

మాకు ఇంకా పాత జరిమానాల టేబుల్ ఒక్కటి అవతల ఉంది. అందులో టైనీఇంట్ కాలమ్‌లు మూడు. వాటి విలువల లెక్క తీసి కాగితం మీద రాసి పెట్టుకున్నాను, వచ్చే సెలవు రోజున నడుపుతాను.