డ్రీమ్‌లైనర్ బ్లాక్ బాక్స్: పెట్టె గట్టిదే, చూపే లేదు

బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్‌లో అమర్చే ఫ్లైట్ రికార్డర్‌ను, అంటే బ్లాక్ బాక్స్‌ను, ఒక పరికరంగా అంచనా వేయాలంటే ముందు దాని అమరికను చూడాలి. పాత విమానాల్లో వేగం, ఎత్తు, ఇంజిన్ల తీరు వంటి వివరాలను ఒక పెట్టె, కాక్‌పిట్‌లోని మాటలను మరొక పెట్టె నమోదు చేస్తాయి కాబట్టి, ఏది పాడైనా దర్యాప్తుకు సగం ఆధారం పోయినట్టే. 787లో ఒకటి ముందు భాగంలో, ఒకటి తోక వైపు ఉండే రెండు పెట్టెలూ డేటానూ ధ్వనినీ కలిపే దాచుకుంటాయి. పైగా విమానంలో కరెంటు పోయినా మాటలను పది నిమిషాల పాటు నమోదు చేయగల సొంత విద్యుత్ ఏర్పాటు ముందు పెట్టెకు ఉంది.

ఈ అమరిక విలువ 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా 171 దర్యాప్తులో తేలింది. వెనక పెట్టె మరునాడే ఒక భవనం పైకప్పు మీద దొరికినా, మామూలు పద్ధతుల్లో సమాచారం తీయలేనంతగా దెబ్బతింది. తోక భాగమే భద్రమన్న పాత నమ్మకం ఇక్కడ చెల్లలేదు. 16న శిథిలాల్లో బయటపడిన ముందు పెట్టె నుంచి మాత్రం ఢిల్లీలోని విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ప్రయోగశాలలో సుమారు 49 గంటల డేటా, రెండు గంటల ధ్వని తీయగలిగారు.

ఆ డేటా ఎంత సూక్ష్మమైనదో ప్రాథమిక నివేదికలో కనిపిస్తుంది. మన కాలమానం ప్రకారం మధ్యాహ్నం 1:38:42కు విమానం 180 నాట్ల వేగం అందుకుంది. ఆ వెంటనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో రన్ (ఇంధనం అందే స్థితి) నుంచి కటాఫ్‌కు (ఇంధనం ఆగే స్థితికి) మారాయి. 52వ సెకనులో ఒకటి, 56వ సెకనులో రెండోది తిరిగి రన్‌కు వచ్చాయి. 1:39:11కు రికార్డింగు ఆగిపోయింది. కాలి బూడిదైన విమానం నుంచి ఇంత వివరం రాబట్టడం మామూలు పనితనం కాదు.

కవచం విషయంలో ఈ జాతి పరికరాలన్నీ మెప్పు పొందవలసినవే. గురుత్వాకర్షణకు 3,400 రెట్ల తాకిడినీ, 1,100 డిగ్రీల మంటను గంట సేపూ తట్టుకోవాలన్నది ప్రమాణం. 2009లో అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447 రికార్డర్లు దాదాపు రెండేళ్లు సుమారు 3,900 మీటర్ల లోతున ఉండి కూడా చెక్కుచెదరని సమాచారం ఇచ్చాయి. వేగాన్ని కొలిచే పిటో గొట్టాల్లో మంచు చేరిందనీ, ఆ తర్వాత విమానం స్టాల్‌లోకి (రెక్కలు పైకి లేపే శక్తిని కోల్పోయే స్థితిలోకి) జారినా సిబ్బంది దాన్ని సరిదిద్దలేకపోయారనీ వాటివల్లే తెలిసింది.

కరెంటు పోయినా పనిచేసే సొంత విద్యుత్ ఏర్పాటు అన్న అదృష్టం అన్ని విమానాల రికార్డర్లకూ లేదు. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో ప్రమాదానికి గురైన జేజు ఎయిర్ 737లో చివరి నాలుగు నిమిషాలు రెండు రికార్డర్లలోనూ లేవు. దర్యాప్తుకు అతి ముఖ్యమైనవి అవే. ఇక పాత మాటలను చెరిపేస్తూ చివరి రెండు గంటల ధ్వనినే ఉంచుకునే పరిమితి నా దృష్టిలో సమర్థించలేనిది. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మాక్స్ గాలిలో ఉండగా డోర్ ప్లగ్ (వాడని తలుపు ఖాళీని మూసే పలక) ఊడిపోయింది. విమానం క్షేమంగా దిగింది గానీ, రికార్డర్‌ను సకాలంలో ఆపకపోవడంతో ఆ ఘటన నాటి మాటల మీద కొత్త శబ్దాలు నమోదై అవి చెరిగిపోయాయి. మెమరీ ఇంత చవకైన రోజుల్లో ఐరోపా కొత్త పెద్ద విమానాలకు పెట్టిన 25 గంటల నియమమే సబబు.

ధ్వని మాత్రమే చెప్పగలిగేవి ఉన్నాయి. 2010 మంగళూరు ప్రమాదంలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రపోయాడన్నది గురక శబ్దాలను బట్టి తేలింది. ఏ సెన్సరూ దాన్ని పట్టలేదు. అహ్మదాబాద్ విషయంలో ధ్వనికీ హద్దు కనిపించింది. ఇంధనం ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, తాను ఆపలేదని రెండో వ్యక్తి బదులివ్వడం అందులో ఉన్నాయి. స్విచ్ ఎప్పుడు మారిందో డేటా చెప్పింది, ఏం మాట్లాడుకున్నారో మైకు చెప్పింది, కానీ ఆ స్విచ్ దగ్గర ఏం జరిగిందో చూసిన సాధనం లేదు.

కాక్‌పిట్‌లో కెమెరా పెట్టాలని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2000 నుంచే సిఫారసు చేస్తోంది. వ్యక్తిగత గోప్యత పేరిట పైలట్ సంఘాలు వ్యతిరేకిస్తున్నాయి. వారి భయం నిరాధారమేమీ కాదు, చనిపోయినవారి చివరి క్షణాలు బయటికి పొక్కితే ఆ కుటుంబాలకు కలిగే క్షోభ చిన్నది కాదు. అయితే ముఖాలు పడకుండా స్విచ్‌లు, మీటర్లు, వాటి మీదికి వచ్చే చేతులు మాత్రమే కనిపించేలా కెమెరాను అమర్చి, ఆ దృశ్యాలను దర్యాప్తు అధికారులకే పరిమితం చేస్తే ఆ అభ్యంతరంలో చాలా భాగం తీరుతుంది.