టైక్వాండోనా, టెక్యోనా: కొరియా సంప్రదాయం దేనిలో ఎక్కువ?

టైక్వాండో క్లాసుల కరపత్రాల్లో తరచుగా కనిపించే మాట 'రెండు వేల ఏళ్ల ప్రాచీన విద్య'. వినడానికి బాగానే ఉంటుంది కానీ టైక్వాండో అనే పేరు పుట్టిందే 1955లో. కొరియాలో జపాన్ పాలన 1945లో ముగిసింది. ఆ రోజుల్లో సియోల్‌లో వెలిసిన శిక్షణశాలల్లో చాలావాటి గురువులు జపాన్‌లో కరాటే నేర్చుకుని వచ్చినవాళ్లు. ఈ పేరు ప్రతిపాదించిన జనరల్ చోయ్ హాంగ్ హీ కూడా అంతే. ఆయన తర్వాత కరాటే కటాలను (వరుసగా చేసే నిర్ణీత కదలికలను) పక్కనపెట్టి, కొరియా వీరుల పేర్లతో కొత్తవి కూర్చాడు. ఉదాహరణకు, 1909లో జపాన్ నాయకుడు ఇటో హిరోబుమిని కాల్చి చంపిన కొరియా దేశభక్తుడు ఆన్ జుంగ్ గున్ పేరిట ఉన్న దానిలో 32 కదలికలుంటాయి. ఉరి తీసేనాటికి, పుట్టగానే ఒక ఏడుగా లెక్కించే కొరియా పద్ధతిలో, ఆన్ వయసు అంత. ఇది ప్రాచీనత కాదు, దేశాభిమానం. నాకైతే దాన్ని దాచాల్సిన అవసరమే కనిపించదు.

కాళ్లతో తన్నుతూ, పడేస్తూ ఆడే కొరియా పాత పోరాట విద్య టెక్యోన్ సంగతి వేరు. చిత్రకారుడు యూ సుక్ 1846లో గీసిన చిత్రంలో ఊరి జనం చుట్టూ మూగి ఈ ఆటను, పక్కనే కుస్తీని చూస్తుంటారు. జపాన్ కాలంలో దాదాపు అంతరించింది. 1893లో పుట్టిన సాంగ్ డియోక్ గి దగ్గర మిగిలిన విద్యే మళ్లీ చిగురించింది. 1983లో కొరియా ప్రభుత్వ గుర్తింపు, 2011లో యునెస్కో గుర్తింపు వచ్చాయి. అలాగని ఇప్పుడు నేర్పేదంతా అచ్చంగా పాతదే అనుకోకూడదు. పాఠాలుగా, వరుసలుగా దాన్ని అమర్చినవాడు షిన్ హాన్ సుంగ్, అదీ ఇరవయ్యో శతాబ్దంలోనే.

తత్వం దగ్గరకొస్తే నా ఓటు టెక్యోన్‌కే. టైక్వాండోలో చోయ్ సూత్రాలు ఐదు: మర్యాద, నిజాయితీ, పట్టుదల, ఆత్మనిగ్రహం, లొంగని ధైర్యం. మంచివే, కానీ బెల్ట్ పరీక్ష ముందు బట్టీపట్టి అప్పజెప్పే పిల్లలే ఎక్కువ. టెక్యోన్‌లో తత్వం ఆట నియమాల్లోనే ఉంది. అడుగులు త్రికోణంలో వేస్తూ, మోకాళ్లు వంచి, ఊగుతూ కదులుతారు. పోటీలో ఒక కాలు ఎదుటివాడికి అందేంత దగ్గరగా పెట్టి తీరాలి, దూరంగా జరిగి దాక్కోవడం కుదరదు. ఒంటి మీద తన్నితే గాయపడకుండా నెట్టినట్టు తన్నాలి. కింద పడేసినా, ముఖానికి కాలు తగిలించినా గెలుపే. అవతలివాడు దెబ్బ తగలకుండా ఇంటికెళ్లాలన్న ఆలోచన ఇందులో ఎవరూ చెప్పకుండానే అలవాటైపోతుంది.

అయినా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పిల్లల్ని చేర్పించాలంటే టైక్వాండోనే మేలు. టెక్యోన్ గురువులు కొరియా బయట అరుదు. టైక్వాండోకైతే గురువులూ పోటీలూ ఉన్నాయి, 2000 నుంచి ఒలింపిక్ పతకాలూ ఉన్నాయి. కాకపోతే ఫీజు కట్టే ముందు ఒక మాట అడగండి: ఆ క్లాసు ఏ సమాఖ్య పద్ధతిది, వరల్డ్ టైక్వాండోదా, చోయ్ స్థాపించిన ఐటీఎఫ్ (అంతర్జాతీయ టైక్వాండో సమాఖ్య)దా? ఒలింపిక్స్ మొదటిదానివే. అందులో ముఖం మీద పిడిగుద్దు నిషిద్ధం, రెండోదానిలో చెల్లుతుంది.