అనంతపురం ఎండకు ఏ 10 మెగాహెర్ట్జ్ మేలు: టీసీఎక్స్‌ఓనా, ఓసీఎక్స్‌ఓనా, జీపీఎస్‌డీఓనా?

ఫ్రీక్వెన్సీ కౌంటర్‌కో, ట్రాన్సీవర్‌కో, ఎల్‌ఎన్‌బీకో (డిష్ ముందుండే రిసీవర్ డబ్బా) నమ్మకమైన 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఆసిలేటర్ కావాలనుకోగానే అందరూ అడిగేది "ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని పాళ్ల తప్పు)?" అని. అనంతపురంలోనో కర్నూలులోనో మిద్దె మీది గదిలో బెంచి వేసుకున్నవాళ్లు అంతకు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మే నెల మధ్యాహ్నం ఆ గదిలో వేడి ఎంత? కరెంటు పోయినప్పుడు ఆసిలేటర్ ఆగిపోతుందా, నడుస్తూనే ఉంటుందా? డేటాషీట్ మొదటి పేజీలోని అంకె ఈ రెండింటికీ జవాబు చెప్పదు. పోటీలో ఉన్నవి మూడు: వేడికి తగ్గట్టు తనను సరిచేసుకునే ఆసిలేటర్ టీసీఎక్స్‌ఓ, క్రిస్టల్‌ను చిన్న ఓవెన్‌లో ఉంచేది ఓసీఎక్స్‌ఓ, జీపీఎస్ సిగ్నల్‌తో ఎప్పటికప్పుడు సరిచేసుకునేది జీపీఎస్‌డీఓ.

లెక్క కోసం కొన్ని అంకెలు గుర్తుంచుకుంటే చాలు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర 1 పీపీఎం అంటే 10 హెర్ట్జ్. గడియారంగా చూస్తే రోజుకు 0.086 సెకను. 1 పీపీబీ అంటే అందులో వెయ్యో వంతు, 0.01 హెర్ట్జ్, వంద కోట్లలో ఒక పాలు.

డ్రిఫ్ట్ అని ఒక్క మాటలో చుట్టేస్తాం గానీ అందులో మూడు వేరువేరు జబ్బులున్నాయి. మొదటిది ఉష్ణోగ్రత. పరిహారం లేని మామూలు ఏటీ కట్ (పలకను కోసే ఒక కోణం) క్రిస్టల్ మన చలికాలపు 15 డిగ్రీల నుంచి ఎండాకాలపు 45 దాకా పోయేసరికి కొన్ని పీపీఎంలు అటూ ఇటూ తిరుగుతుంది. మోటారు టైమర్లలో ఉండే 32.768 కిలోహెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ క్రిస్టల్ లెక్క ఇంకా సులువు. 25 డిగ్రీల నుంచి ఎంత దూరం పోయిందో దాని వర్గాన్ని 0.034తో గుణించండి, అన్ని పీపీఎంలు వెనకబడుతుంది. చలికీ వెనకే, వేడికీ వెనకే. 45 డిగ్రీల దగ్గర 20 వర్గం 400, అంటే 13.6 పీపీఎం, ఆ వేడి రోజంతా నిలిస్తే దాదాపు 1.2 సెకను. వేసవిలో టైమర్ వెనకబడితే తప్పు బ్యాటరీదే అనుకోనక్కర్లేదు.

రెండోది ఏజింగ్. డబ్బా లోపల మిగిలిన మలినం క్రిస్టల్ పలక మీద చేరడం, ఎలక్ట్రోడ్లలోనూ పలకను పట్టుకున్న క్లిప్పుల్లోనూ ఉన్న బిగువు మెల్లగా సడలడం దీనికి ముఖ్య కారణాలు. మొదట వేగంగా, పోనుపోను నెమ్మదిగా సాగుతుంది. ఏళ్ల తరబడి నడిచిన పాత ఆసిలేటర్ కొత్తదానికన్నా నిలకడగా ఉండటం అందుకే మామూలు.

మూడోది రీట్రేస్. ఆపి మళ్లీ వేస్తే క్రిస్టల్ సరిగ్గా ఆపిన చోటికే తిరిగి రాదు. కొన్ని పీపీబీలు, ఒక్కోసారి పది పీపీబీ దాకా పక్కకు వచ్చి నిలబడుతుంది. అక్కడి నుంచి రోజుల తరబడి మెల్లగా పాకుతుంది. మన దగ్గర ఓవెన్ ఆసిలేటర్లకు ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎక్కువమంది లెక్కలోకి తీసుకోనిదీ ఇదే.

టీసీఎక్స్‌ఓ ఎక్కడిదాకా సరిపోతుంది

ఇందులో ఓవెన్ ఉండదు. ఉష్ణోగ్రతను కొలిచి, దానికి తగ్గ వోల్టేజ్‌తో క్రిస్టల్‌ను ఎదురు దిక్కుకు లాగుతుంది. కొన్ని మిల్లీయాంపులు చాలు, వేసిన సెకన్లలోనే సిద్ధం, కరెంటు పోయినా పెద్ద బాధ లేదు. 0.5 పీపీఎం నుంచి 2.5 పీపీఎం దాకా దొరుకుతాయి. హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియోకు ఇంతకు మించి అక్కర్లేదు: 14 మెగాహెర్ట్జ్ దగ్గర 0.5 పీపీఎం అంటే 7 హెర్ట్జే.

చిక్కు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ 0.5 ఉష్ణోగ్రతకు మాత్రమే. మొదటి ఏడాది ఏజింగ్ 1 పీపీఎం దాకా ఉండొచ్చని అదే కాగితంలో వేరే వరసలో రాసి ఉంటుంది. గడియారం పనికి అందరూ వాడే డీఎస్3231 చిప్పునే చూడండి. దాని పేరున్న 2 పీపీఎం హామీ 0 నుంచి 40 డిగ్రీల మధ్యకే. ఆపైన 85 దాకా 3.5 పీపీఎం. మన వేసవిలో గోడకు బిగించిన డబ్బా లోపల 40 దాటడం వింత కాదు కాబట్టి, 3.5 పట్టుకునే లెక్క వేసుకోవాలి. దాన్ని సరిచేయడానికి ఏజింగ్ రిజిస్టర్ ఉంది: 25 డిగ్రీల దగ్గర ఒక్కో మెట్టు సుమారు 0.1 పీపీఎం, ధన సంఖ్య రాస్తే నెమ్మదిస్తుంది, రుణ సంఖ్య రాస్తే వేగం పెరుగుతుంది.

టీసీఎక్స్‌ఓను పాడుచేసేది ఎక్కువగా పెట్టే చోటే. పవర్ ఆంప్లిఫయర్ పక్కన పెడితే మైకు నొక్కిన ప్రతిసారీ కదులుతుంది, ఎందుకంటే లోపలి సెన్సరూ క్రిస్టలూ ఒకే క్షణంలో వేడెక్కవు. ఫ్యాన్ గాలి నేరుగా తగిలినా అంతే. పైన చిన్న మూత, లోపల పలచని స్పాంజి పెడితే మార్పు నెమ్మదిస్తుంది, పరిహారానికి అందుకునే సమయం దొరుకుతుంది.

ఫ్రీక్వెన్సీ పైకి పోయేకొద్దీ ఇది చాలదు. హామ్ రేడియో వాళ్లు వాడే క్యూఓ-100 ఉపగ్రహాన్ని వినాలంటే అనంతపురం మిద్దె మీది డిష్‌ను పడమరకు కొద్దిగా దక్షిణంగా, 29 డిగ్రీల ఎత్తుకు తిప్పాలి. దాని ఎల్‌ఎన్‌బీలో 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను 390 రెట్లు చేసి 9,750 మెగాహెర్ట్జ్ తెస్తారు. అక్కడ 1 పీపీఎం తప్పు 9.75 కిలోహెర్ట్జ్ అవుతుంది. 0.5 పీపీఎం టీసీఎక్స్‌ఓ వేసినా సుమారు 5 కిలోహెర్ట్జ్ పక్కకు పోవచ్చు. ఎస్‌ఎస్‌బీ (హామ్‌లు మాట పంపే పద్ధతి) సిగ్నల్ వెడల్పే 2.7 కిలోహెర్ట్జ్. పైగా ఎల్‌ఎన్‌బీ ఉన్నది నేరుగా ఎండలో. ఇలాంటి చోట గదిలో ఉండే మంచి 10 మెగాహెర్ట్జ్ నుంచి పీఎల్‌ఎల్ (ఒక ఫ్రీక్వెన్సీకి కట్టిపడేసి ఇంకొకటి తయారుచేసే సర్క్యూట్) ద్వారా 25 తయారుచేసి కేబుల్‌లో పైకి పంపడం తప్పదు.

ఓసీఎక్స్‌ఓ: పని ఇక్కడే ఎక్కువ, ఫలితమూ ఇక్కడే

ఇందులో క్రిస్టల్‌ను 75, 80, 85 డిగ్రీల దగ్గర ఒకే వేడిలో ఉంచుతారు. మంచివాటిలో ఎస్‌సీ కట్ అనే మరో కోత వాడతారు. వేడికి ఫ్రీక్వెన్సీ మారే దాని వక్రరేఖ చదునయ్యే చోటు ఆ వేడి దగ్గరే పడుతుంది కాబట్టి ఓవెన్ కొంచెం తడబడినా ఫ్రీక్వెన్సీ కదలదు. గది వేడి మారితే వచ్చే తేడా పీపీబీల్లో ఉంటుంది. ఓవెన్ వేడి పెంచగలదే గానీ తగ్గించలేదు. రేకుల షెడ్డులో మూసిన డబ్బాలో, పక్కన పవర్ సప్లై ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి పెడితే లోపలి గాలి 60 దాటుతుంది, ఓవెన్‌కు పట్టు తగ్గుతుంది. ఆసిలేటర్ ఉన్న అరలో వేడి వస్తువులేవీ ఉండకూడదు.

దొరికేవి ఎక్కువగా పాత టెలికాం బోర్డుల నుంచి ఊడదీసినవి. పవర్ సప్లైకి యాంమీటర్ పెట్టి మొదటి పరీక్ష చేయండి. 5 వోల్టుల రకం మొదట 0.6 నుంచి 1 యాంపు దాకా లాగి, మూడు నుంచి ఐదు నిమిషాల్లో 0.3 కిందికి దిగాలి. దిగకపోతే ఓవెన్ పోయింది. మొదటి నుంచే తక్కువ లాగుతూ పైడబ్బా వేడెక్కకపోతే హీటర్ పోయింది. ఈ పరీక్ష గట్టెక్కితే కనీసం మూడు రోజులు, వీలైతే వారం ఆపకుండా నడపండి. ఊడదీసేటప్పటి సోల్డర్ వేడి, నెలల తరబడి చల్లగా పడి ఉండటం, రెండూ దాన్ని కదిపి ఉంటాయి. మొదటి రోజే తిప్పి సరిచేసుకున్నది వారానికి చెదిరిపోతుంది. డేటాషీట్‌లోని ఏజింగ్ అంకె కూడా మామూలుగా 30 రోజులు ఎడతెగకుండా నడిచిన తర్వాతిదే.

సరిచేసేది ఈఎఫ్‌సీ పిన్నుతో, అంటే వోల్టేజ్ ఇచ్చి ఫ్రీక్వెన్సీని కొద్దిగా జరిపే పిన్నుతో. 0 నుంచి 5 వోల్టులకు మొత్తం 2 పీపీఎం తిరిగే ఆసిలేటర్‌లో 1 మిల్లీవోల్టు 0.4 పీపీబీ. ఇక్కడే చాలా కట్టుబడులు చెడతాయి. 7805 రెగ్యులేటర్ నుంచి ఆ వోల్టేజ్ తీసుకుంటే డిగ్రీకి సుమారు 1 మిల్లీవోల్టు జరుగుతుంది. పది డిగ్రీల తేడాకు 10 మిల్లీవోల్టులు, పాట్ (తిప్పి మార్చే రెసిస్టర్) మధ్యలో ఉంటే అందులో సగం, అంటే 2 పీపీబీ. ఓవెన్ చేసిన పనినంతా రెగ్యులేటర్ పాడుచేసినట్టే. ఆసిలేటర్‌కే రిఫరెన్స్ వోల్టేజ్ పిన్ ఉంటే అదే వాడండి. లేకపోతే ఆర్‌ఈఎఫ్5050 లాంటి రిఫరెన్స్ చిప్ పెట్టండి, డిగ్రీకి పదుల మైక్రోవోల్టులే కదులుతుంది.

ముందు 10 కిలో ఓముల మల్టీటర్న్ పాట్ ఒక్కటే పెట్టి ఏ వోల్టేజ్ దగ్గర 10 మెగాహెర్ట్జ్ వస్తుందో కనుక్కోండి. అది 0.3 లోపో 4.7 పైనో ఉంటే ఆ ముక్క ఏజింగ్‌తో అంచుకు చేరింది, దాన్ని వదిలేయడమే మంచిది. 2.5 దరిదాపుల్లో ఉంటే ఆ పాట్ తీసేసి పైన 22 కిలో, మధ్యలో 2 కిలో పాట్, కింద 22 కిలో, అన్నీ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లతో వేయండి. ఇప్పుడు పాట్ మొత్తం తిరిగినా 0.22 వోల్టే. 25 చుట్ల పాట్‌లో ఒక చుట్టుకు సుమారు 3.5 పీపీబీ; చేతికి చక్కగా అందుతుంది. వోల్టేజ్ 2.5కు దూరంగా ఉంటే రెండు 22లనూ ఆ నిష్పత్తిలో మార్చుకోవాలి. తిప్పేది ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో, ఆసిలేటర్ పని చేయబోయే భంగిమలోనే ఉంచి. డబ్బాను తలకిందులు చేస్తేనే 1, 2 పీపీబీ మారుతుంది, గురుత్వ బలం పలక మీద పడే దిక్కు మారుతుంది కాబట్టి.

దేనితో పోల్చాలి? జీపీఎస్ మాడ్యూల్ ఇచ్చే సెకనుకో పల్సు చాలు. ఒక సెకనులో అది పదుల నానోసెకన్లు వణుకుతుంది, 1000 సెకన్లకు ఆ వణుకు విలువ లేకుండా పోతుంది. ఆర్డుయినో ఉనో నేరుగా 10 మెగాహెర్ట్జ్ లెక్కించలేదు, దాని హద్దు 6.4. ఎస్‌టీఎం32ఎఫ్103 బోర్డు లెక్కించగలదు. ఆసిలేటర్ సైన్ ఇస్తే 74హెచ్‌సీయూ04 ఇన్వర్టర్ చిప్పుతో చదరపు అలగా చేసి టైమర్ బయటి క్లాక్ పిన్నుకు, జీపీఎస్ పల్సును అదే టైమర్ క్యాప్చర్ పిన్నుకు (పల్సు వచ్చిన క్షణంలోని లెక్కను పట్టి ఉంచేది) ఇవ్వండి. టైమర్ 16 బిట్లదే అయినా పర్వాలేదు. 1000 సెకన్లలో రావాల్సిన వెయ్యి కోట్ల లెక్కను 65,536తో భాగిస్తే మిగిలే శేషం 58,368. రెండు క్యాప్చర్ల తేడా అంతే వస్తే సరిగ్గా ఉన్నట్టు. 58,405 వస్తే 37 ఎక్కువ, అంటే 3.7 పీపీబీ పైన ఉంది. పాట్ ఒక చుట్టు వెనక్కి. ఒక్కో అంకె 0.1 పీపీబీ. తిప్పిన ప్రతిసారీ పదిహేడు నిమిషాలు ఆగాలి, ఆ ఓపిక ఉండాలి.

ఇక కరెంటు. 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీ, దాని నుంచి బక్ కన్వర్టర్‌తో 6.5 వోల్టులు, ఆపైన లీనియర్ రెగ్యులేటర్‌తో 5. స్థిరపడ్డాక బ్యాటరీ మీద 0.15 యాంపే పడుతుంది, ఒక రోజంతా కరెంటు రాకపోయినా ఆసిలేటర్ ఆగదు. 12 వోల్టుల ఓసీఎక్స్‌ఓ తీసుకుంటే ఈ సుఖం ఉండదు, బ్యాటరీ 11.8కి దిగేసరికి రెగ్యులేటర్‌కు మిగిలేదేమీ ఉండదు. అందుకే 5 వోల్టుల రకమే వెతకండి. వేడికి లెడ్ బ్యాటరీ ఆయుష్షు ప్రతి పది డిగ్రీలకూ సగం అవుతుంది కాబట్టి దాన్ని కింది గదిలో, నీడ పట్టున పెట్టడం మేలు.

జీపీఎస్‌డీఓ ఎవరికి

పైన చేతితో చేసిన పనిని ఇది తానే ఎడతెగకుండా చేస్తుంది. రోజు సగటులో దాని తప్పు పీపీబీలో వందో వంతు కన్నా తక్కువ, ఏజింగ్ బాధే లేదు. రీట్రేస్ కూడా అడ్డం కాదు: కరెంటు వచ్చిన అరగంటలో మళ్లీ దారికి వస్తుంది. బ్యాటరీ పెట్టలేని చోట, రోజూ కరెంటు పోయే చోట ఇదే గెలుస్తుంది.

కానీ లోపల ఏ ఆసిలేటర్ ఉందో చూడకుండా కొనకూడదు. తక్కువ ధర డబ్బాల్లో కొన్నింటిలో ఉండేది టీసీఎక్స్‌ఓ. ఇంకొన్నింటిలో ఆసిలేటరే ఉండదు, జీపీఎస్ మాడ్యూల్ టైమ్‌పల్స్ పిన్నునే 10 మెగాహెర్ట్జ్‌కు పెట్టి ఇస్తారు. యూబ్లాక్స్ మాడ్యూళ్లు 48 మెగాహెర్ట్జ్ నుంచి దాన్ని తయారుచేస్తాయి. 48ని 10 నిశ్శేషంగా భాగించదు, అంచులు ముందుకూ వెనక్కూ దూకుతుంటాయి. కౌంటర్ సగటులో అది కనిపించదు గానీ, దాన్ని ఎల్‌ఎన్‌బీకి ఇచ్చి 9,750 మెగాహెర్ట్జ్ దాకా పెంచితే సిగ్నల్ చుట్టూ రొదే. 8 మెగాహెర్ట్జ్ అడిగితే చాలా శుభ్రంగా వస్తుంది. యాంటెన్నా మిద్దె మీద ఆకాశం బాగా కనిపించే చోట ఉండాలి, ఏప్రిల్, మే నెలల ఉరుముల గాలివానలకు కేబుల్ ఊడదీయాలి. ఊడదీసినన్నాళ్లూ లోపలి ఓసీఎక్స్‌ఓ నాణ్యతే మిగులుతుంది.

రుబీడియం (పరమాణు ఆసిలేటర్) గురించి రెండు మాటలు చాలు. ఎఫ్‌ఈ-5680ఏ లాంటి పాతవి 15 వోల్టుల మీద పది వాట్లకు పైగా తింటాయి, అడుగు పలక వేడి దించడానికి పెద్ద హీట్‌సింక్ కావాలి, లోపలి దీపం అరుగుతుంది. అయినా జీపీఎస్‌తో ఒకసారి సరిచూడక తప్పదు. ఈ ఎండల్లో ఇంటి బెంచికి దాన్ని సిఫారసు చేయలేం.

హెచ్‌ఎఫ్ రేడియో, గడియారాలు మాత్రమే అయితే టీసీఎక్స్‌ఓతో ఆగండి. కౌంటరూ సిగ్నల్ జనరేటరూ ఉన్న బెంచికి బ్యాటరీ మీద నడిచే పాత ఓసీఎక్స్‌ఓ మేలు. మొదటి రెండు నెలలు వారానికోసారి, తర్వాత మూడు నెలలకోసారి పల్సుతో సరిచూస్తే 10 పీపీబీ లోపల హాయిగా ఉంటుంది. 10 గిగాహెర్ట్జ్ దాకా పోయేవాళ్లు ఓసీఎక్స్‌ఓ ఉన్న జీపీఎస్‌డీఓ తీసుకోవాలి, దానికీ బ్యాటరీ పెట్టాలి. ఏది తీసుకున్నా ప్రతి కొలతకూ తేదీ, గది వేడి, శేషం, ఈఎఫ్‌సీ వోల్టేజ్ నోటుబుక్కులో రాసుకోండి. నాలుగైదు వరసలు చేరాక ఏజింగ్ ఏ దిక్కుకు పోతోందో కనిపిస్తుంది. అప్పుడు పాట్‌ను సున్నాకు కాకుండా, రాబోయే మూడు నెలల జరుగుబాటులో సగం ఎదురు దిక్కుకు పెట్టవచ్చు.