డబ్బు కట్టి నవల చదివించుకునేవారికి హెచ్చరిక

నవల పూర్తిచేసి, అచ్చుకు ఇచ్చేముందు ఎవరిచేతనైనా చదివించుకోవాలని చూస్తున్నవారికి ఈ మాట. రాతప్రతి నాణ్యత అంచనా వేస్తామంటూ రుసుము తీసుకునే సంస్థలు ఈమధ్య బాగా పెరిగాయి. వాటిలో ఒకదానికి రూ.3,500 కట్టాను. పేరు రాయడం లేదు. వారి పద్ధతి తెలిస్తే ఏ పేరుతో ఎదురైనా గుర్తుపట్టగలరు.

వచ్చిన నివేదిక చూడటానికి ముచ్చటగానే ఉంది. ఎత్తుగడకు పదికి 8, పాత్రపోషణకు 8, సంభాషణలకు ఏకంగా 9. సంభాషణల దగ్గరే నాకు అనుమానం వచ్చింది. నా నవల మొత్తం ఒక తల్లి కొడుక్కి రాసిన ఉత్తరాలు. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే సన్నివేశం ఒక్కటీ లేదు. 'కథానాయకుడి ఎదుగుదల కట్టిపడేస్తుంది' అట! ఆ కొడుకు ఒక్క ఉత్తరానికీ జవాబు రాయడు, నవల పొడవునా కనిపించడు. కథ నడిచేదే ఆ మౌనం మీద. చదివినవారైతే తిట్టడానికైనా దాని గురించి ఒక ముక్క రాసేవారు.

తెలిసిన రచయిత్రి ఒకరు కూడా అక్కడే ఇచ్చారని తెలిసి, ఇద్దరి నివేదికలూ పక్కపక్కన పెట్టి చూశాం. పేర్లు తీసేస్తే మూడు పేరాలు పొల్లు పోకుండా ఒకటే. 'రచనలో మట్టివాసన గుబాళించింది' అన్న మెచ్చుకోలు ఇద్దరికీ దక్కింది. ఆవిడది నేరపరిశోధన నవల, నడిచేది ఓడలో.

అసలు సంగతి చివరి పేజీలో ఉంది: ప్రచురణ ప్యాకేజీ. అందులో పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు విడిగా డబ్బు వేశారు. మన దేశంలో ఆ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. అయినా, పుస్తకం అచ్చువేసి సంపాదించేవారు 'ఇది ఇంకా తయారు కాలేదు, మళ్లీ రాయండి' అని ఎందుకు చెబుతారు? సంబంధం కుదిర్చే పేరయ్యను పిల్లవాడి గుణగణాలు అడిగినట్టే.

నిజంగా చదివినవారి మాట వేలుపెట్టి చూపిస్తుంది. 'ఇంతవరకూ ఆమె కళ్లతో చూస్తున్నాం, ఈ పేరాలో ఆమెకు తెలిసే వీల్లేని సంగతి ఎలా వచ్చింది?' అంటుంది. కథ ఎక్కడ అయిపోయిందో, ఆ తర్వాత మీరు ఎన్ని పేజీలు లాగారో చెబుతుంది. (మార్కుల మీద నాకు మొదటినుంచీ గురి లేదు. శిల్పానికి 8 వేస్తే తగ్గిన ఆ 2 ఏ పేజీలో పోయాయో చెప్పాలి కదా.)

అందుకని డబ్బు కట్టేముందు ఒక అధ్యాయం పంపి, దాని మీద అర పేజీ రాసిమ్మనండి. చదివేది ఎవరో పేరు అడగండి, వారు రాసిన విమర్శ ఎక్కడైనా అచ్చయిందేమో చూడండి. 'మా నిపుణుల బృందం' అన్నారంటే అక్కడే ఆగిపోండి. అంతకంటే కథ అల్లిక గురించి వల్లంపాటి వెంకటసుబ్బయ్య రాసిన విమర్శ గ్రంథం 'కథాశిల్పం' దగ్గర పెట్టుకుని సొంత రాతప్రతిని మళ్లీ చదువుకోవడం మేలు. 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న పుస్తకమది.

డబ్బు వెనక్కి ఇవ్వమంటే ప్యాకేజీలో తగ్గిస్తామన్నారు! జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫిర్యాదు చేశాను. మీరూ ఇలాగే నష్టపోయి ఉంటే చెల్లింపు రసీదులు, వారు పంపిన సందేశాలు చెరిపేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం.