రోజుకొక ఫొటో: 50 మి.మీ. లెన్సుతో నాలుగు శరదృతువులు

2022 సెప్టెంబర్ 26, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి. దసరా నవరాత్రులు మొదలైన ఆ ఉదయం విశాఖ దగ్గరి పద్మనాభం మండలంలో ఒక పొలం గట్టు మీద నిలబడి మొదటి ఫొటో తీశాను. కార్తీక అమావాస్య వరకు రోజుకొకటి తీయాలని నియమం పెట్టుకున్నాను. ఆ ఏడాది 59 రోజులకు 41 ఫొటోలే దక్కాయి. తరువాతి మూడేళ్లూ అదే గట్టు, అదే లెన్సు, అదే నియమం. నాలుగు శరత్తులు కలిపి 238 రోజులకు నా దగ్గర 211 ఫొటోలు ఉన్నాయి. ఒక వస్తువు గురించి, ఒక అలవాటు గురించి ధైర్యంగా రాయడానికి ఈ వాడకం చాలుననుకుంటున్నాను.

ముందు లెన్సు సంగతి. 50 మి.మీ., ఎఫ్/1.8 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), జూమ్ లేనిది. బరువు 185 గ్రాములు. దీన్ని 24 మెగాపిక్సెళ్ల పాత డీఎస్‌ఎల్‌ఆర్‌కు తగిలించి వాడుతున్నాను. ఆ కెమెరా సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు) కంటే చిన్నది కావడంతో దృశ్యం 75 మి.మీ. లెన్సులోంచి చూసినంత ఇరుకుగా కనిపిస్తుంది. రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి లెన్సును పెద్ద కంపెనీలన్నీ చేస్తాయి. నేను మెచ్చుకునేవీ తప్పుపట్టేవీ చాలావరకు వాటన్నింటికీ వర్తిస్తాయి.

నేను మధురవాడలో ఉంటాను. పద్మనాభం మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతాను. తెల్లవారుతుండగా స్కూటరు మీద బయలుదేరి, ఆనందపురం కూడలి దాటి, ఊరికి కిలోమీటరు ఇవతల గట్టు దగ్గర ఆగుతాను. అక్కడ కాలువ తూము పక్కన ఒక బండరాయి ఉంది. దాని మీద నిలబడితే అనంత పద్మనాభస్వామి కొండ వెనక్కి వెళుతుంది, ఎదురుగా వరి చేలు, వాటి చివర ఒంటి తాడిచెట్టు. గోస్తనీ నది అక్కడికి దగ్గరే. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా సాగి, తాటిపూడి జలాశయం నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే ఏరు అది. దాని ఒడ్డున శరత్కాలమంతా రెల్లు పూస్తుంది.

జూమ్ లేకపోవడం లోపమని మొదటి పది రోజులు గట్టిగా నమ్మాను. అదే దీని అసలు బలమని ఇప్పుడు చెబుతున్నాను. జూమ్ లెన్సుతో నిన్న 32 మి.మీ. దగ్గర, ఇవాళ 40 మి.మీ. దగ్గర తీస్తే రెండు ఫొటోలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడలేం. ఇక్కడ రాయి కదలదు, లెన్సు కదలదు. తాడిచెట్టును ఫ్రేములో కుడివైపు మూడోవంతు గీత మీద నిలబెడితే చాలు, అరవై రోజుల ఫొటోలు పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి సరిపోతాయి. కంప్యూటర్‌లో వాటిని వేగంగా తిప్పినప్పుడు చేను ఊపిరి తీసుకున్నట్లు కనిపిస్తుంది. రోజూ చూసే కంటికి దొరకని మార్పు అప్పుడు దొరుకుతుంది.

శరదృతువు ఫొటోలంటే ఎర్రబారిన ఆకులు, రాలిన ఆకుల బాటలు వెతకడం చాలామందికి అలవాటైంది. ఆ రంగులు చల్లని దేశాల అడవులవి. మనకు ఈ రుతువు చెట్ల మీద కాదు, వరి మీద నడుస్తుంది. నా 2022 ఫొటోల్లో మొదటి వారమంతా చేను ముదురు పచ్చగా పొట్ట మీద ఉంది, అంటే వెన్ను (కంకి) ఇంకా కాడ లోపలే ఉంది. తరువాత ఈనింది, వెన్ను బయటికి వచ్చింది. ఆపైన పాలు పోసుకుంది, గింజ గట్టిపడింది, వెన్ను వంగింది, ఆకు చివర నుంచి పసుపు దిగింది. కార్తీకం చివరికి కోసిన వరి పనలుగా పడింది. పొట్ట నుంచి పూతకు రెండు మూడు వారాలు, పూత నుంచి కోతకు ఇంచుమించు నెల రోజులు. రెండు నెలల నియమానికి ఇంతకంటే సరిపోయే కథ మరొకటి నాకు తట్టదు.

ఆ కథలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఫొటో ఆ రాయి మీద నుంచి తీసినది కాదు. 2024 అక్టోబర్‌లో ఒక ఆదివారం, పది గంటల వేళ చేలోకి దిగబోతుంటే ఆ పొలం రైతు ఆపారు. 

"మాస్టారూ, లోపలికి దిగకండి. వరి పూత మీద ఉంది. ఈ పూట మేం మందు కూడా కొట్టం."

"పువ్వెక్కడ ఉంది బాబాయ్, నాకు కనిపించడం లేదే?" అని అడిగాను. 

ఆయన గట్టు పక్కన ఉన్న వెన్నును రెండు వేళ్లతో మెల్లగా వంచి చూపించారు. గింజ కాబోయే ఆకుపచ్చని పొట్టు రెండుగా విచ్చుకుని ఉంది. లోపలి నుంచి దారాల్లాంటి కాడల మీద తెల్లని కేసరాలు వేలాడుతున్నాయి. లెక్కపెట్టాను, ఆరు. గాలి తగిలితే పిండిలాంటి పుప్పొడి రాలుతోంది. వెన్ను పైకొసన ఉన్నవి అప్పటికే మూసుకుపోయాయి, కిందివి ఇంకా తెరుచుకోలేదు. ఒక్కో పువ్వు తెరుచుకుని ఉండేది ఇంచుమించు గంటే. ఇరవై ఏళ్లుగా ఆ దారిలో వెళుతున్నాను, మూడు పూటలా అన్నం తింటున్నాను, వరి పువ్వును అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

ఇక్కడే ఈ లెన్సు మొండికేస్తుంది. అడుగున్నర కంటే దగ్గరికి వెళితే ఫోకస్ పట్టదు. ఆ దూరంలో ఫ్రేములో ఆరంగుళాల వెడల్పు పడుతుంది. సెంటీమీటరు కూడా లేని వరిపువ్వు అందులో చుక్కలా ఉంటుంది. కెమెరాకూ లెన్సుకూ మధ్య 16 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబు పెట్టాక రెండంగుళాల వెడల్పుకు దిగగలిగాను. అందులో గాజు ఉండదు, ఖాళీ గొట్టమే, ఖరీదూ తక్కువే. ఎఫ్/1.8 దగ్గర ఒక్క కేసరం కూడా పూర్తిగా స్పష్టంగా రాదు. రంధ్రాన్ని ఎఫ్/8కి తగ్గించి, గాలి ఆగేవరకు మోకాళ్ల మీద కూర్చుని, నలభై సార్లు నొక్కితే ఒక్కటి నిలిచింది. ఆ రోజు ఫొటోగా దాన్నే ఉంచాను. నియమం ఒక్క ఫొటో ఉంచుకోవాలనే గాని, ఒక్కసారే నొక్కాలని కాదు. మిగిలినవన్నీ అదే రాత్రి తీసేస్తాను. అలా తీసేయడానికి కూర్చున్నప్పుడే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

రెల్లు పూలు మరో పాఠం చెప్పాయి. కెమెరా వెలుతురును కొలిచి ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా తెల్లని రెల్లు ఉంటే దాన్ని మాసిన బట్టలా చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు, అంటే వెలుతురు రెండింతలు, పెంచితే తెలుపు తెలుపుగా వస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను (వెలుతురు రంగును సరిచేసే అమరిక) ఆటోలో వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. పొద్దుటి ఎండలోని పసుపును అది పొరపాటనుకుని సరిదిద్దుతుంది. మొదటి ఏడాది నా పండిన చేలన్నీ ఒక రోజు బంగారంలా, మరుసటి రోజు పాలిపోయి ఉండటానికి కారణం అదే. రెండో ఏడాది నుంచి దాన్ని ఎండ గుర్తు మీద స్థిరంగా ఉంచాను. రంగు మారితే అది చేను మారడం వల్లో, ఆకాశం మారడం వల్లో అయి ఉండాలి, కెమెరా వల్ల కాకూడదు.

వెలుతురు తొందరపెడుతుంది. అక్టోబర్ మధ్యలో మనకు సూర్యోదయం ఆరుకు కొంచెం ముందే. ఏడున్నర దాటితే నీడలు గట్టిపడతాయి.

నియమంలో ఒక పొరపాటు 2023లో బయటపడింది. ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో ఆశ్వయుజం అక్టోబర్ 15న గాని మొదలుకాలేదు. పంచాంగం మూడు వారాలు వెనక్కి జరిగింది గాని, నాట్లు వానలను బట్టి పడ్డాయి. నేను గట్టెక్కేసరికే చేను ఈనేసింది. 2022 మొదటి ఫొటో పక్కన 2023 మొదటి ఫొటో పెడితే రెండు వేర్వేరు రుతువుల్లా ఉంటాయి. మొదట చిరాకు పడ్డాను. కానీ ఆ ఆలస్యం వల్లే ఆ ఏటి నా ఫొటోలు డిసెంబర్ 12 వరకు సాగాయి, మిగ్‌జాం తుఫాను అందులో పడింది. అది డిసెంబర్ 5న తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా, వాన ఇక్కడిదాకా వచ్చింది. కోసి ఆరబెట్టిన పనలు నీళ్లలో నానుతున్న ఫొటోలు నా దగ్గర నాలుగున్నాయి. వాటిలో ఒకదానిలో రైతు వంగి ఒక పనను ఎత్తి నీళ్లు కారుస్తున్నారు. తీసే ముందు ఆయనను అడిగాను. "తీయండి, చూడాలి కదా నలుగురూ" అన్నారు. తీశాక కెమెరా సంచిలో పెట్టి నేనూ పనలు గట్టు మీదికి చేర్చాను. ఆ రోజు బడికి ఆలస్యమైంది.

రోజూ తీయాలనుకునేవారికి విశాఖలో అసలు శత్రువు తేమ. ఏసీ గదిలో పడుకోబెట్టిన కెమెరాను తెల్లవారుజామున బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది, తుడిచినకొద్దీ మళ్లీ కమ్ముతుంది. ఇప్పుడు రాత్రే దాన్ని వరండాలో, మూతపెట్టిన డబ్బాలో ఉంచుతున్నాను. అంతకంటే పెద్ద దెబ్బ రెండో ఏడాది వర్షాకాలంలో తగిలింది. మూడు నెలలు తోలు సంచిలో వదిలేసిన లెన్సులో సాలెగూడు లాంటి బూజు పట్టింది. విప్పి శుభ్రం చేయించాను, కానీ లోపలి గాజు పూత మీద సన్నని మచ్చ మిగిలింది. సూర్యుడికి ఎదురుగా తీస్తే ఫొటో ఇప్పటికీ కొంచెం వెలిసినట్లు వస్తుంది. అప్పటి నుంచి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. తేమ పీల్చి రంగు మారినప్పుడు వాటిని వేడిచేసి మళ్లీ వాడుతున్నాను. సముద్రానికి ఇంత దగ్గరలో కెమెరా కొనే ఎవరికైనా నా మొదటి మాట ఇదే: లెన్సు కంటే ముందు డబ్బా కొనండి.

చేతకానివీ ఉన్నాయి. నవంబర్‌లో అరకు వెళ్లి వలిసె పూలు తీశాను. లోయ మొత్తం పసుపు పరుచుకుంటే ఈ లెన్సు అందులో ఒక మడిని మాత్రమే చూపింది. అక్కడ ఫోను మెరుగ్గా పనిచేసింది. కొండకర్ల ఆవలో జంట తాటిదోనె మీద తామరల మధ్యకు వెళ్లినప్పుడు పక్షులు అందలేదు. దోనె నడిపే మనిషి చేతులు, గెడ, నీటి మీది ఆకులు మాత్రం చక్కగా వచ్చాయి. పక్షుల కోసమైతే దీన్ని కొనవద్దు.

తప్పిపోయిన రోజుల్లో చాలావరకు మొదటి ఏడాదివే. జ్వరం, పరీక్ష పేపర్లు, బద్ధకం. 2024లో ఒక్క రోజే తప్పింది. 2025లో మూడు, మూడూ మొంథా తుఫాను రోజులు. అక్టోబర్ 28 రాత్రి అది నరసాపురం సమీపంలో తీరం దాటింది. ఆ మూడు రోజులూ ఇక్కడ వాన వదల్లేదు, నేను ఇల్లు కదల్లేదు. 30వ తేదీ ఫొటోలో చేను ఒకవైపుకు దువ్వినట్లు పడిపోయి ఉంది. తాడిచెట్టు నిలబడే ఉంది.

మొన్న నాలుగేళ్ల ఫొటోలనూ వరుసగా చూస్తుంటే, వెతకని సంగతి ఒకటి కంటపడింది. 2023 వరకు ఫ్రేము ఎడమ అంచున ఉన్నది వరి. 2024లో అక్కడ సున్నం వేసిన హద్దురాళ్లు ఉన్నాయి. 2025లో ఆ రాళ్ల మధ్య కంకర బాట. తీసేటప్పుడు ఒక్కనాడూ నా చూపు అటు పోలేదు, తాడిచెట్టు మీదే ఉంది. రైతును అడిగితే ఆ మడి ఆయన అన్నగారిదని, అమ్మేశారని చెప్పారు. తనది అమ్మే ఆలోచన లేదన్నారు. వరిపువ్వు ఫొటోను పెద్దదిగా ప్రింటు వేయించి ఆయనకు ఇచ్చాను. దాన్ని ధాన్యం గాదె ఉన్న గదిలో తలుపు పక్కన తగిలించారు.

2026లో ఆశ్వయుజం అక్టోబర్ 11న మొదలవుతుంది. మళ్లీ అధిక మాసం వచ్చిన ఏడు, మళ్లీ ఆలస్యమే. ఈసారి తిథి కోసం ఆగను. చేను పొట్ట మీదికి రాగానే ఫోను చేయమని బాబాయికి చెప్పాను.